గుడ్డు మీద రైతు నెంబరు

(నూజివీడు ప్రాంత మామిడి రైతుల సమావేశంలో అధ్యయన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము డెన్మార్క్ గురించి మాట్లాడబోతున్నామని కరపత్రంలో చూసి కొందరు నవ్వుకున్నారట. "మామిడి చెట్టు ఒక్కటి కూడా లేని దేశం దగ్గర మనం నేర్చుకునేదేముంది? పూత మీద తామర పురుగుకు మందు చెప్పండి, అదే పదివేలు" అని ఒక పెద్దాయన మా ముఖం మీదే అన్నారు. ఆయన మాట కాదనలేం. తామర పురుగు సంగతి, తేనెమంచు పురుగు సంగతి మధ్యాహ్నం తెలిసినవాళ్ళు చెబుతారు. మేము చెప్పేది పూత నిలబడి కాయ అయిన తరవాత పట్టే పురుగు గురించి.

పోయిన ఏడాది మా రెండు ఊళ్ళలో జరిగింది మీలో చాలామందికి తెలుసు. మాఘమాసంలో 36 మందిమి రామాలయం అరుగు మీద కూర్చున్నాం. ఎవరికి వాళ్ళం కమీషన్ కొట్టుకు తోలి, వాళ్ళు చెప్పిన తరుగుకు తలూపి రావడం ఎందుకు, కాయంతా ఒక్కచోట చేర్చి, గ్రేడు చేసి, ఒకే కాటా మీద తూచి అమ్ముదామనుకున్నాం. దేవుడి ముందు మాట ఇచ్చుకున్నాం. కాగితం మీద మాత్రం ఏమీ రాసుకోలేదు. మనలో మనకు కాగితాలేమిటి అనుకున్నాం. బయటి నగరంలో ఒక కొనుగోలుదారుతో వారానికి మూడు లారీల బంగినపల్లి పంపేట్టు మాటయింది.

మొదటి లారీ సలక్షణంగా పోయింది. రెండో లారీ నాటికి ఒక వ్యాపారి ఊళ్ళోకి వచ్చాడు. కిలోకు మూడు రూపాయలు ఎక్కువిస్తాను, అదీ రొక్కం అని 8 మందిని పక్కకు పిలిచాడు. 8 మందీ ఇచ్చేశారు. దాచుకోవడమెందుకు, ఆ 8 మందిలో ఈ బృందం వాళ్ళం ఇద్దరం ఉన్నాం. లారీ సగం ఖాళీగా వెళ్ళింది. ఒప్పుకున్నంత సరుకు రాలేదని నగరం కొనుగోలుదారు రేటు కోశాడు. మూడో లారీ లేనేలేదు. మిగిలిన 28 మంది కోసిపెట్టిన కాయను వచ్చిన రేటుకు వదిలించుకున్నారు. వారం తిరక్కుండానే ఆ ఎక్కువిస్తానన్న మూడు రూపాయలూ పోయి, ఆ పైన ఇంకొంత కూడా తగ్గి, వ్యాపారి చెప్పిందే రేటయింది.

ఆ తరవాత ఊళ్ళో అందరూ అన్నది ఒకే మాట: మనవాళ్ళకు ఐకమత్యం లేదు. మా తాతలూ ఇదే అన్నారు. వాళ్ళ తాతలూ అనే ఉంటారు. మాకు చిరాకు పుట్టింది. ఐకమత్యం ఉన్నవాళ్ళని లోకం చెప్పుకునే రైతులు ఎక్కడో ఉంటారు కదా, వాళ్ళకది పుట్టుకతో వచ్చిందా, తెచ్చుకున్నారా అని చూద్దామనుకున్నాం. సహకార సంఘాల చరిత్ర చదివితే డెన్మార్క్ పేరు తగలకుండా ఉండదు. దొరికిన పుస్తకాలు తెచ్చుకుని, చలికాలమంతా ఆదివారం రాత్రిళ్ళు చదివాం. మా ఊరి అమ్మాయి ఒకరు అక్కడ చదువుకుంటోంది. అర్థం కాని చోట ఆమెకు ఫోన్ చేసి విసిగించాం. మాలో ఎవరూ ఆ దేశం చూడలేదు. ఆ సంగతి గుర్తుంచుకుని మా మాటలు వినండి.

చిన్న దేశం. మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు ఉంటుంది, సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు. జనం 60 లక్షలు. కొండలు లేవు. అన్నిటికన్నా ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 171 మీటర్లే. పడమటి వైపు జట్లాండ్ అనే ప్రాంతంలో ఇసుక నేల, ఎప్పుడూ గాలి. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటి పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నవాడు పలకరించడట. ఆర్నెల్లయినా ఎదురింటివాళ్ళ పేరు తెలియలేదట. అదే దేశంలో ఊరి రోడ్ల పక్కన రైతులు బంగాళాదుంపలు, గుడ్లు బల్ల మీద పెట్టి, పక్కన ఒక డబ్బా పెట్టి పొలానికి వెళ్ళిపోతారట. వచ్చినవాళ్ళు సరుకు తీసుకుని డబ్బు అందులో వేసి పోతారు, లేదంటే ఫోనులో పంపుతారు. "అంటే వాళ్ళు మంచివాళ్ళు, మనం చెడ్డవాళ్ళం అనా?" అని మాలో ఒకాయన వెంటనే అడిగాడు. మా చదువంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మనకూ ఆ దేశానికీ బొత్తిగా సంబంధం లేదనుకోవద్దు. తమిళనాడులోని తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డేన్ల చేతిలో ఉంది. అక్కడి డేనిష్ మిషన్‌కు వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ తరవాత మద్రాసులో తెలుగు నేర్చుకుని తెలుగు వ్యాకరణం రాశాడు. 1938లో బొంబాయిలో లార్సెన్, టుబ్రో అనే ఇద్దరు డేన్లు పెట్టిన కంపెనీ ఈనాడు వంతెనలూ మెట్రోలూ కడుతోంది. అది మొదలైంది డెన్మార్క్ డెయిరీ యంత్రాలు అమ్ముతూ. 1990లలో మన రాష్ట్రంలో వ్యవసాయ మహిళలకు శిక్షణ ఇచ్చిన పథకం కూడా డెన్మార్క్ ప్రభుత్వ సాయంతో నడిచిందే. మాలో ఒకరి అత్తగారు అందులో విత్తనశుద్ధి నేర్చుకున్నారు. డబ్బు ఏ దేశానిదో ఆమెకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

సరే, అసలు కథకు వద్దాం. ఆ దేశపు రైతు కూడా ఒకప్పుడు జమీందారు చెప్పుచేతల్లో బతికినవాడే. పుట్టిన ఎస్టేటు దాటి పోకూడదని మగవాళ్ళకు కట్టుబాటు ఉండేది. 1788లో దాన్ని రద్దు చేశారు. మన నూజివీడు జమీందారీ నేల మీద దున్నినవాడికి ఆ మాట చెప్పే చట్టం వచ్చింది 1948లో. మధ్యలో 160 ఏళ్ళు. ఎవరైనా డెన్మార్క్‌ను చూపించి మనల్ని తక్కువ చేస్తే ఈ లెక్క ముందు పెట్టండి.

1864లో జర్మన్ల చేతిలో యుద్ధం ఓడిపోయి ఆ దేశం తన నేలలో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది. ఆ దెబ్బ మానకుండానే ఇంకోటి తగిలింది. వాళ్ళ రైతులు అప్పట్లో ధాన్యం పండించి ఇంగ్లండుకు అమ్మేవారు. 1870ల చివరికల్లా అమెరికా నుంచి, రష్యా నుంచి రైళ్ళలో, ఓడల్లో చవక గోధుమలు వచ్చి పడ్డాయి. ధర కూలిపోయింది. పక్క దేశాల్లో కొన్ని దిగుమతి సుంకం వేసి తమ రైతును కాపాడుకున్నాయి. డెన్మార్క్ రైతులు ఆ చవక ధాన్యాన్నే కొని పశువులకు పెట్టి, వెన్న చేసి అమ్మడం మొదలుపెట్టారు.

ఇక్కడ చిక్కు వచ్చింది. పెద్ద ఎస్టేటుల్లో వందల ఆవులు, చల్లని గదులు, మంచి వెన్న. ఆరేడు ఆవులున్న చిన్న రైతు ఇంట్లో భార్య చిలికిన వెన్న రోజుకో రకం. వ్యాపారి అందరిదీ ఒకే పీపాలో కలిపి, అన్నిటికన్నా తక్కువ రకానికి పలికే రేటు కట్టేవాడు. మన గ్రేడింగ్ గుర్తొస్తోందా? తోటలో కాయ ఎంత బాగున్నా గుట్ట మీద పోశాక అందరిదీ ఒకటే రేటు.

1882లో పడమటి జట్లాండ్‌లో యెడింగ్ అనే పల్లెలో రైతులు కలిసి సొంత డెయిరీ పెట్టుకున్నారు. మొత్తం దేశంలో రైతుల సహకార డెయిరీల్లో మొదటిది అదేనంటారు. పాలనుంచి మీగడ తీసే మర యంత్రం అప్పుడే కొత్తగా వచ్చింది. దానితో ఎవరి పాలు తెచ్చినా కలిపి ఒకే రకం వెన్న తీయవచ్చు. వెన్న తీసిన పాలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇస్తే పందులను మేపుకున్నారు. 20 ఏళ్ళు తిరిగేసరికి అలాంటి డెయిరీలు వెయ్యి దాటాయి.

మేము ఆగి మళ్ళీ మళ్ళీ చదివింది వాళ్ళ కట్టుబాట్లు. సభ్యుడైనవాడు ఇంటి అవసరానికి పోను మిగతా పాలన్నీ డెయిరీకే పోయాలి. వెన్నకు ఇంకెవరో ఎక్కువిస్తానన్నా కుదరదు. ఒక ఏడాదికి కాదు, ఏళ్ళ తరబడి కాలానికి ముందే సంతకం పెట్టాలి. మధ్యలో తప్పుకుంటే డబ్బు కట్టుకోవాలి. భవనానికీ యంత్రానికీ తెచ్చిన అప్పుకు అందరూ కలిసి, ఒకరి కోసం ఒకరు పూచీ. లాభం వాటాల లెక్కన కాదు, పోసిన పాల లెక్కన. ఓటు మాత్రం మనిషికి ఒకటి. రెండు ఆవులవాడికీ ఒకటే, ఇరవై ఆవులవాడికీ ఒకటే. పశువుల లెక్కన కాదు, మనుషుల లెక్కన అని వాళ్ళ భాషలో సామెతలా చెప్పుకుంటారు.

వాళ్ళు పాలల్లో నీళ్ళు కలపలేదా? కలిపారు. బరువు లెక్కన డబ్బిస్తే ఎవరైనా కలుపుతారు. ఎన్.జె. ఫియోర్డ్ అనే పరిశోధకుడు పాలల్లో వెన్న ఎంతుందో తేల్చే పద్ధతి తెచ్చాక, వెన్న శాతాన్ని బట్టి డబ్బు కట్టడం మొదలుపెట్టారు. నీళ్ళు కలిపినందువల్ల ఒరిగేదేమీ లేకుండా పోయింది. నీతిపాఠం చెప్పి మాన్పించలేదు, లెక్క మార్చి మాన్పించారు.

గుడ్ల కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఇంగ్లండు బజారులో డెన్మార్క్ గుడ్లంటే పాతవి, కుళ్ళినవి అని పేరు పడిపోయింది. 1895లో రైతులు గుడ్ల ఎగుమతికి సహకార సంఘం పెట్టుకుని, ప్రతి గుడ్డు మీదా రెండు నెంబర్లు ముద్ర వేయాలన్నారు. ఒకటి ఊరి సంఘానిది, ఒకటి రైతుది. ఎక్కడ కుళ్ళిన గుడ్డు తేలినా అది ఏ ఊరి ఏ రైతు ఇంట్లోదో తెలిసిపోయేది. ఆ రైతుకు జరిమానా. కోడి గుడ్డు మీద తన నెంబరు తనే వేసుకుని, కుళ్ళితే నన్ను పట్టుకోండి అని చెప్పిన రైతును తలచుకుని మేము ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. మన ట్రేలో పైన ఎర్రని బంగినపల్లి, అడుగున మచ్చకాయ ఎవరు పెడతారో అందరికీ తెలుసు. ట్రే మీద పేరుంటే పెడతామా?

మన కాయకూ ఈ ముచ్చట ఒకసారి తగిలింది. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడిని రానివ్వలేదు. అంతకుముందు ఏడాది మన దేశం నుంచి వెళ్ళిన పళ్ళు, కూరగాయల సరుకులో 207 సార్లు పురుగు దొరికిందని వాళ్ళు చెప్పారు. మామిడికి సంబంధించి అది పండు ఈగ. 2015 జనవరిలో నిషేధం ఎత్తేశారు. ఒక తోటలో ఈగ ఉంటే దేశం మొత్తం కాయకు తలుపు మూసుకుంది, ఎందుకంటే ఏ కాయ ఏ తోటదో చెప్పే వీలు లేకపోయింది. ఇప్పుడు ఎగుమతి కాయకు తోట రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలంటున్నారు. ఆ నెంబరును మనం ఆఫీసు వాళ్ళ బెడదగా చూస్తున్నాం. 

అలాంటి తలుపే డెన్మార్క్‌కూ మూసుకుంది. 1887లో జర్మనీ వాళ్ళ బతికున్న పందులను జబ్బు పేరు చెప్పి ఆపేసింది. ఆ ఏడాదే హోర్సెన్స్ అనే ఊళ్ళో రైతులు సొంత కబేళా పెట్టుకుని, పందిని కాదు, ఉప్పుపట్టిన మాంసాన్ని ఇంగ్లండుకు పంపారు. కాయను లారీ ఎక్కించడమే అమ్మకం అనుకునే మనకు ఇది ఆలోచించవలసిన సంగతి. కలెక్టరు కాయ గుజ్జు చేసేది ఎవరు, అందులో మన వాటా ఎంత?

బడుల గురించి రెండు మాటలు. 1844 నుంచి ఆ దేశంలో రైతు పిల్లల కోసం జానపద విద్యాలయాలు వచ్చాయి. గ్రుంట్విగ్ అనే పాదిరీ ఆలోచన అది. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. చలికాలం నెలల్లో మగపిల్లలు, వేసవిలో ఆడపిల్లలు అక్కడే ఉండి చరిత్ర, పాటలు, లోకజ్ఞానం నేర్చుకునేవారు. సభలో లేచి మాట్లాడటం, లెక్కల పుస్తకం చదివి ప్రశ్న అడగడం వచ్చిన రైతులు అలా తయారయ్యారు. డెయిరీల ముందు వరసలో అలాంటి వాళ్ళే చాలామంది. 1930లలో నిడుబ్రోలులో ఎన్.జి. రంగా గారు రైతాంగ విద్యాలయం పెట్టారని మన పెద్దలు చెబుతారు. ఇప్పుడు మన పిల్లలకు ఇంజనీరింగ్ కోచింగ్ ఉంది, సంఘం లెక్క చదివే కోచింగ్ లేదు.

ఇంతవరకు విని డెన్మార్క్ స్వర్గమనుకుంటారేమో. ఆ డెయిరీల్లో ఓటు ఆవున్నవాడికే. ఆవు లేని కూలికి లేదు. దేశం ఎన్నికల్లో కూడా 1849 రాజ్యాంగం ఇచ్చిన ఓటు ఆడవాళ్ళకు, పరాయి ఇంట్లో పనిచేసే పాలేర్లకు రాలేదు. 1915 దాకా ఆగవలసి వచ్చింది. వెన్న చిలకడం తరతరాలుగా ఆడవాళ్ళ విద్య. డెయిరీ వచ్చాక ఆ పని, ఆ పేరు మగ మేస్త్రీల చేతికి పోయింది. 1893 నుంచి దక్షిణాన లోలాండ్ దీవిలో చక్కెర దుంప చేలలో పనికి పోలండ్ నుంచి పేద ఆడపిల్లలను తెచ్చారు. వాళ్ళుండే కొట్టాల గురించి, వాళ్ళ కూలి గురించి గొడవలై 1908లో చట్టం చేయవలసి వచ్చింది. సహకారానికి పేరుపడిన దేశంలోనే వంగి కలుపు తీసేవాళ్ళు ఆ లెక్కలో లేరు. ఇప్పటి సంగతి చూసినా, 1950ల నాటికి రెండు లక్షల దాకా ఉన్న కమతాలు ఈనాడు 40 వేలకు లోపు. సంఘాలు దేశాలు దాటి పెద్ద కంపెనీలంత అయ్యాయి. రైతు మీద అప్పు కూడా అంత అయింది. చిన్న రైతును బతికించడానికి పుట్టిన ఏర్పాటు చిన్న రైతును చివరిదాకా కాపాడలేదు. ఇది కూడా చెప్పకపోతే మేము చదివింది సగమే చెప్పినట్టు.

అందుకే మన ముందున్న ప్రతిపాదనలో మేము కొన్ని మార్పులు కోరుతున్నాం. 1995లో మన రాష్ట్రం చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, సర్కారు పెత్తనం లేకుండా సంఘం పెట్టుకోవచ్చు. దానిలో పేరు నమోదు తేలికే. మన చిక్కు సంతకంలో ఉంది. ఇంటికి, పచ్చడికి, చుట్టాలకు పోను మిగతా కాయంతా మూడేళ్ళపాటు సంఘానికే అని రాసి సంతకం పెట్టాలి. ప్రతి ట్రే మీద తోట నెంబరు చీటీ ఉండాలి. మచ్చకాయ దొరికితే డబ్బు ఆ తోట లెక్కలోంచే పోవాలి, అందరి లెక్కలోంచి కాదు. తూకం దగ్గర తరుగు అన్న మాటే ఉండకూడదు.

కౌలు రైతుల సంగతి మీద మా బృందంలోనే రెండు వారాలు వాదన నడిచింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎక్కడ చూసినా తోట ఒకరిది, పూత కొన్నది ఇంకొకరు. మందు కొట్టేది, రాత్రిళ్ళు కాపలా పడుకునేది, గాలివానకు కాయ రాలితే నెత్తిన చెయ్యి పెట్టుకునేది పూత కొన్న మనిషి. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలన్నా యజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. మన సంఘంలో సభ్యత్వం పట్టాదారు పాసు పుస్తకం చూసి ఇస్తే, డెన్మార్క్ వాళ్ళు కూలిని బయట నిలబెట్టినట్టే మనం వీళ్ళను నిలబెడతాం. తోటలో కాయ ఎవరిదైతే సభ్యత్వం వాళ్ళ పేరున ఇవ్వాలి. యజమాని, కౌలుదారు ఇద్దరూ వస్తే ఇద్దరికీ చెరో ఓటు. చిక్కంతో కాయ దింపేవాళ్ళు, సొనతో చేతులు కాల్చుకుంటూ గ్రేడు చేసే ఆడవాళ్ళు కూడా సభలో కూర్చునే ఏర్పాటు ఉండాలని మాలో కొందరం అన్నాం. ఇంకొందరం ఒప్పుకోలేదు. అది సభ తేల్చాలి.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట. ఆ 8 మందిలో 5 మందికి కమీషన్ కొట్టులో పాత అడ్వాన్సు ఉంది. మందులకని, పెళ్ళికని, ఆసుపత్రికని తెచ్చుకున్నది. కాయ వాళ్ళకు తోలకపోతే ఆ రాత్రే అప్పు తీర్చమంటారు. వాళ్ళు రొక్కం ఆశకు పోయారని ఏడాదంతా తిట్టుకున్నాం. సగం కారణం ఆశ, సగం కారణం అడ్వాన్సు. యెడింగ్ రైతులకు అందరూ పూచీ పడి బ్యాంకు అప్పు తెచ్చుకునే దారి ఉంది కాబట్టి సంతకం నిలబడింది. మనవాడి మెడలో ఇంకొకరి తాడు ఉండగా మన కాగితం మీద సంతకం పెట్టించుకుంటే, ఏప్రిల్‌లో మళ్ళీ అదే జరుగుతుంది. కాబట్టి ముందు ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు ఉందో తెలియాలి. ఆ మొత్తం ఎంతో తేలితేనే అందరి పూచీ మీద బ్యాంకును ఎంత అడగాలో తెలుస్తుంది. మొదటి ఏడాది అంతా తీర్చలేకపోతే, అడ్వాన్సు ఉన్నవాళ్ళ కాయలో సగమే సంఘానికి రాసుకుందాం. సగం రాసి నిలబడటం మేలు, మొత్తం రాసి పారిపోవడం కన్నా.

వెనక బల్ల మీద గీతలు కొట్టిన పుస్తకం పెట్టాం. మొదటి గడిలో పేరు. రెండో గడిలో చెట్ల లెక్క, రసాలు, బంగినపల్లి, కలెక్టరు వేరువేరుగా. మూడో గడిలో తోట సొంతమా, కౌలా. నాలుగో గడిలో అడ్వాన్సు. నాలుగో గడి రాయడానికి సిగ్గుపడేవాళ్ళు ఉంటారని మాకు తెలుసు. అందుకని పోయిన ఏడాది పక్కకు పోయిన మా ఇద్దరి పేర్లు ముందుగా రాశాం, నాలుగో గడితో సహా. చూసి రాయండి.